ఒంటి వేలికి గోరింటాకు

ఎవరైనా చనిపోయారని కబురొస్తే, వెళ్లి కళ్లారా చూసేదాకా పెద్దింట్లమ్మ ఏడ్చేది కాదు. చూశాక అందరికంటే ఎక్కువ ఏడ్చేది. పేటలో ఆమె తత్వం అందరికీ తెలుసు. వల కొంటే ప్రతి కన్నూ వేలితో లాగి చూసేది. ఎవరైనా ఊరికే మంచి చేస్తే, ఎందుకు చేశారో తేలేదాకా ఆమెకు అన్నం సయించేది కాదు.

ఆమె మా తాత పల్లంరాజుకు తల్లి. నేను పుట్టేనాటికే పోయింది. ఈ సంగతులు కొన్ని మా తాత చెప్పాడు, కొన్ని మా అమ్మ సుబ్బాయమ్మ చెప్పింది. ఈ కథలో నోట్లో వేలేసుకుని తిరిగే పిల్ల మా అమ్మే. అప్పటికి ఆమెకు ఐదో ఏడు. కాబట్టి తనకు గుర్తున్నదీ, పెద్దవాళ్లు చెప్పగా విన్నదీ ఆమె మాటల్లో కలిసిపోయే ఉంటాయి.

రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. పని మొదలైన రెండో చలికాలం. ఊరికి దిగువన, గట్టు వారగా జాలరిపేట. మగవాళ్లలో సగంమంది వలలు దండేలకు వేలాడదీసి వంతెన పనికి పడవలు తిప్పుతున్నారు. పల్లంరాజు కూడా దవళేశ్వరం కొండ దగ్గర రాయి ఎక్కించుకుని వచ్చి స్తంభాల దగ్గర దించేవాడు. అతని భార్య లోవలక్ష్మీ, తల్లి పెద్దింట్లమ్మా పొద్దున్నే చేపల తట్టలు నెత్తిన పెట్టుకుని ఊళ్లోకి వెళ్లేవాళ్లు. కోడలిది ఒక వీధి, అత్తది ఇంకో వీధి. మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాళ్లు. అందాకా సుబ్బాయమ్మ పేటలో పిల్లలతో గట్టు మీద ఆడుకునేది.

ఆడుకుంటున్నా, ఊరుకున్నా కుడిచేతి బొటనవేలు నోట్లోనే ఉండేది. ఇసకలో గూళ్లు కట్టాలన్నా ఎడమచేత్తోనే. వేలు నీళ్లలో నానబెట్టిన పప్పులా తెల్లగా ఉబ్బి, కణుపు దగ్గర చర్మం ఒరుసుకుపోయి పచ్చిగా ఉండేది. పైవరస పళ్లు రెండు ముందుకు తోసుకొస్తున్నాయి. పెద్దింట్లమ్మ బెంగ పళ్ల గురించి కాదు.

“ఎప్పుడూ నోట్లోనే ఉండే వేలు ఇది. ఎవరేం రాసినా తిన్నగా కడుపులోకి పోద్ది,” అనేది.

మొదట వేపాకు నూరి పట్టించింది. పిల్ల మొహం చిట్లించి, రెండుసార్లు ఉమ్మి, పరికిణీకి తుడుచుకుని మళ్లీ నోట్లో పెట్టుకుంది. తర్వాత బజారు నుంచి ముసాంబరం తెచ్చింది. చంటిపిల్లల చేత పాలు మాన్పించడానికి తల్లులు రొమ్ముకు రాసుకునే చేదుమందు అది. అరగదీసి పొద్దున్నే వేలంతా పూసి, ఊళ్లోకి వెళ్లింది. మధ్యాహ్నం వచ్చి చూస్తే వేలు శుభ్రంగా, తెల్లగా ఉంది.

“ఎవరు కడిగారే?”

పిల్ల నోట్లోంచి వేలు తీయకుండానే తల అడ్డంగా ఊపింది.

మర్నాడు పెద్దింట్లమ్మ వేలికి గుడ్డపీలిక చుట్టి, వల అల్లేటప్పుడు వేసే ముడి వేసింది. ఆ ముడి వేసే పద్ధతి ఆమెది ఆమెకే వచ్చు. మధ్యాహ్నం గుడ్డ అలాగే ఉంది. ముడి మాత్రం వేరు.

“ఈ ముడి నాది కాదు,” అంది గడపలోనే నిలబడి.

లోవలక్ష్మి పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. “గుడ్డ కట్టిన చేత్తో ముద్దెలా కలుపుకుంటదత్తా? అన్నం తిన్నాక మళ్లీ కట్టాను.”

“మరి ముసాంబరం?”

“అదీ నేనే కడిగాను. ఆ చేత్తో కళ్లు నలుపుకుని మంటకి ఏడ్చింది. ముందొచ్చాను గనక నేను చూశాను. నువ్వొచ్చినా అదే చేసేదానివి.”

“నేను చేసేదాన్ని కాదు.”

అనుమానం నిజమైతే మనిషికి తృప్తిగా ఉంటుందంటారు. పెద్దింట్లమ్మకు అలా ఉండలేదు. తన ఇంట్లోనే తనకు తెలియకుండా పని జరిగిందని ఆమె రెండు రోజులు కోడలితో మాట్లాడలేదు. మూడో రోజు మధ్యాహ్నం పిల్ల గోడవైపు తిరిగి చాప మీద పడుకుని ఉండగా, గొంతు తగ్గించి చెప్పింది.

“ఇక ఒకటే దారి. అమావాస్య ఎల్లనీ. ఆదివారం పసుపుకొమ్ము కాల్చి వాత పెడతాను. చుక్కంతే. నొప్పి గుర్తుంటే వేలు దానంతటదే బయటుంటది.”

పిల్ల వెనక్కి తిరగలేదు. అమావాస్యకు ఇంకా పది రోజులుంది.

అప్పటికే పేటలో మరో మాట తిరుగుతోంది. నదిలో వంతెన స్తంభాలకు బావుల్లాంటి పునాదులు కట్టి, లోపలి ఇసక తోడుతూ మెల్లగా కిందికి దింపేవాళ్లు. అందులో ఒకటి మిగతావాటికంటే నిదానంగా దిగుతోంది. ఎందుకో ఎవరికీ తెలియదు. తెలియనిదానికి తలా ఒక కారణం చెప్పారు. గోదావరి బలి అడుగుతోందన్నారు. చిన్నపిల్లనిస్తే గాని స్తంభం నిలవదన్నారు. రాత్రికి రాత్రి ఎవరో ఎక్కడో పిల్లను గోనెలో వేసుకుపోయారన్నారు. ఏ ఊరి పిల్ల అంటే ఒకరు కొవ్వూరన్నారు, ఒకరు కడియమన్నారు. పోయిన పిల్ల తల్లిని చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అయినా ఆడవాళ్లు నీళ్లకు వెళ్లేటప్పుడు పిల్లలను చంకనేసుకోవడం మొదలుపెట్టారు.

పల్లంరాజు నవ్వాడు. “నేను రోజూ అక్కడే ఉంటాను గదమ్మా. కింద గట్టి మట్టి తగిలింది. అందుకే దిగట్లేదు. అంతే.”

“నీకు చూపించి చేస్తారా?” అంది పెద్దింట్లమ్మ.

పేటకు ఎగువన, బోర్లించిన పాత పడవలు దాటాక, వంతెన పనివాళ్ల పాకలు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ఉంటున్నారు. వాళ్లలో అబ్రహాము రాళ్లు చెక్కే మేస్త్రీ. అతని భార్య దీనమ్మ. నరసాపురం వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు. వాళ్లకు పిల్లలు లేరు. దీనమ్మ తేగలు కాల్చి, పీచు తీసి, పాక ముందు చేరిన పిల్లలకు ముక్కలు పెట్టేది. వదంతి పుట్టాక పేటలో తల్లులు పిల్లలను ఆ పక్కకు పోనివ్వలేదు. కులం కాని ఇంట్లో తినడం ఒక బాధ, ఇప్పుడు ఇదొక భయం. పిల్లలు లేని ఆవిడకు ఊళ్లో పిల్లలతో ఏంటి పని అని పెద్దింట్లమ్మ నలుగురిలోనూ అంది. పడవలు దాటి వెళ్లవద్దని మనవరాలికి మూడుసార్లు చెప్పింది.

వాత మాట అన్న నాలుగో రోజున, సాయంత్రం పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని పేలు చూస్తూ పెద్దింట్లమ్మ ఒక్కసారి చెయ్యి ఆపింది. చాలాసేపట్నుంచి చప్పరింత వినబడటం లేదు. వంగి చూసింది. పిల్ల కుడిచేతిని పిడికిలి బిగించి, బొటనవేలు మాత్రం నిటారుగా పైకెత్తి పట్టుకుంది. వేలు పొడిగా ఉంది. చర్మం ముడతలు పోయి మామూలు రంగుకు తిరిగింది. గోరూ, వేలి కొసా కణుపుదాకా ఎర్రగా ఉన్నాయి.

అది గోరింటాకని ఆమెకు తెలియక కాదు. ఆషాఢం కాదు, పెళ్లి లేదు, పేరంటం లేదు. పెట్టినవాళ్లు చెయ్యంతా పెట్టలేదు, ఒక్క వేలికే పెట్టారు.

“ఎవరు పెట్టారే ఇది?”

పిల్ల వేలును పరికిణీలో దాచుకుంది.

“మీ అమ్మా?”

అడ్డంగా తల ఊపింది.

“మరెవరు? మామ్మకి చెప్పవా?”

“చెబితే ఎరుపు పోద్ది,” అంది పిల్ల.

పెద్దింట్లమ్మ ఆ వేలును బయటికి తీసి మళ్లీ చూసింది. ఇన్నాళ్లూ వేపాకుకూ గుడ్డకూ లొంగని వేలు నాలుగు రోజుల్లో బయటికొచ్చింది. ఎవరో చేశారు. చేసి, చెప్పొద్దన్నారు. అమ్మవారికి వదిలే మేకపోతుకు ముందే పసుపు రాసి గుర్తు పెడతారు. మంద మొత్తానికి పెట్టరు, ఒక్కదానికే పెడతారు.

ఆమె భయానికి ఇంకో వేరు ఉంది. దవళేశ్వరం ఆనకట్ట కడుతున్న కాలంలో పెద్దింట్లమ్మకు ఏడెనిమిదేళ్లు. ఆమెకో తమ్ముడు, పెదబాబు. వాణ్ని చూస్తూ ఉండమని చెప్పి తల్లి ఎండుచేపలు తిరగేయడానికి వెళ్లింది. పెద్దింట్లమ్మ గవ్వలు ఏరుకుంటూ తలెత్తేసరికి పిల్లవాడు లేడు. ఒడ్డంతా వెతికారు. నీళ్లలో వలలు వేసి చూశారు. దొరకలేదు. తల్లి బతికినన్నాళ్లూ ఒకటే మాట అంది, నా కొడుకును ఆనకట్టకిచ్చేశారు అని. కూతురిని మాత్రం ఒక్క మాట అనలేదు. నువ్వెందుకు చూడలేదు అని అడగలేదు. ఎవరో ఎత్తుకుపోయారని నమ్మితే అడగనక్కర్లేదు గదా. తల్లి నమ్మిందాన్ని పెద్దింట్లమ్మ కూడా నమ్మింది. నమ్మి, అప్పట్నుంచి ఎవరినీ నమ్మలేదు.

ఎరుపు సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కోడలు ముసాంబరం కడిగిన మనిషి. కొడుకు నవ్వే మనిషి. మర్నాడు చూస్తే ఎరుపు ఇంకాస్త ముదిరింది. అంటే మళ్లీ పెట్టారు.

ఆ తర్వాతి రోజు తట్ట నెత్తిన పెట్టుకుని రోజూలాగే బయల్దేరింది. మొదటి ఇంట్లోనే చేపలన్నీ ఇచ్చేసి, ఊరు చుట్టూ తిరిగి, రెల్లుగడ్డి దారిన గట్టుకు వచ్చింది. బోర్లించిన పడవల వెనక, తారు వాసనలో చతికిలబడి కూర్చుంది. పొద్దు బారెడు ఎక్కింది. స్తంభాల దగ్గర సుత్తుల చప్పుడు నీళ్ల మీదుగా వస్తోంది.

సుబ్బాయమ్మ ఒక్కతే వచ్చింది. రెండుసార్లు వెనక్కి చూసుకుంది. పడవలు దాటి తిన్నగా దీనమ్మ పాక ముందుకు వెళ్లి కూర్చుంది.

దీనమ్మ చిన్న రోట్లో ఏదో నూరుతోంది. పిల్ల చెయ్యి చాపింది. దీనమ్మ వేలును అటూ ఇటూ తిప్పి చూసి ఏదో అంది. పిల్ల నవ్వింది. రోట్లోంచి ముద్ద తీసి వేలి కొసకు టోపీలా పెట్టి, పైన ఆముదపాకు ముక్క చుట్టి, దారం తిప్పింది. ఒకటి, రెండు, మూడు. పెద్దింట్లమ్మ చుట్లు లెక్కపెట్టింది. దారం చుడుతున్నంతసేపూ దీనమ్మ పెదాలు కదులుతూనే ఉన్నాయి. దారం పంటితో తెంపింది.

పెద్దింట్లమ్మ తట్ట అక్కడే వదిలేసి పరుగెత్తింది. ఆ వయసులో అంత వేగంగా ఎలా పరుగెత్తిందో తనకే తెలియదు. పిల్ల రెక్క పట్టి వెనక్కి లాగింది. రోలు కాలితో తన్నింది.

“దొరికావే. పిల్లల్ని పట్టేదానివి. దొరికావు.”

ఆ కేక రేవులో బట్టలు పిండుకుంటున్న ఆడవాళ్లు విన్నారు, వలలు ఆరవేసుకుంటున్న మగవాళ్లు విన్నారు. పడవలు దాటి పాక చుట్టూ మూగడానికి ఎంతోసేపు పట్టలేదు. అందరికంటే ముందు వచ్చినవాడు చిట్టియ్య. పెద్దింట్లమ్మకు పక్కింటివాడు, వరసకు అక్క కొడుకు. తెడ్డు భుజాన ఉండగానే వచ్చాడు. ఎవరో పాక పైనుంచి తాటాకు లాగారు. ఎవరో నీళ్లకుండను తన్నారు.

దీనమ్మ పారిపోలేదు. పాక గుంజకు వీపు ఆనించి నిలబడి రెండు చేతులూ చాపి చూపించింది. అరచేతులు పచ్చగా ఉన్నాయి.

“ఆకేనండి. గోరింటాకేనండి.”

“గోరింటాకు మాకు తెలీదా? అందులో ఏం కలిపావు?” అంది పెద్దింట్లమ్మ.

“చింతపండండి. ఎర్రగా పండుద్దని.”

“మరి ఒక్క వేలికే ఎందుకు పెట్టావు?”

“నోట్లో పెట్టుకునే వేలు అదే గదండీ.”

దీనమ్మ మాట తడబడకుండా చెప్పింది.

“అమావాస్య ఎల్లాక పసుపుకొమ్ము కాల్చి వాత పెడతారంట గదండీ. ఆ మాట చెప్పి పిల్ల ఇక్కడ కూర్చుని ఏడ్చిందండి. ఈలోగా మానిపిద్దామని పెట్టాను. చెప్పకుండా పెట్టడం నాదే తప్పండి. చెబితే మా ఇంటికి రానివ్వరు గదా.”

అని తన కుడిచేతి బొటనవేలు ముందుకు పెట్టింది. కణుపు మీద చర్మం నున్నగా, ముడుచుకుపోయి మెరుస్తోంది. గోరు పక్కకు పెరిగింది. “మా అమ్మా చుక్కంతే పెడదామనుకుందండి. చీము పట్టేసింది. ఈ వేలు వంగదు.”

పసుపుకొమ్ము మాట పెద్దింట్లమ్మ బయట ఎవరితోనూ అనలేదు. తన ఇంట్లో, గొంతు తగ్గించి, కోడలితో అంది. ఆ వేళ గోడవైపు తిరిగి పడుకున్న పిల్ల నిద్రపోలేదన్నమాట. ఆమె పిల్లవైపు చూసింది. పిల్ల దారం చుట్టిన వేలును రెండో చేతిలో దాచుకుని నిలబడి ఉంది. ఆమె చూసిన చూపుకు పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది. దీనమ్మ దగ్గరికి కాదు, ఆమె దగ్గరికీ కాదు.

“మాటల్లో పెడుతోంది పిన్నీ, తప్పుకో,” అన్నాడు చిట్టియ్య. తెడ్డు భుజం మీంచి చేతిలోకి వచ్చింది. వెనక ఉన్నవాళ్లకు దీనమ్మ మాటలు సరిగా వినబడలేదు. మత్తుమందంట అని ఒకరన్నారు. ఏట్లోకి ఈడ్చండి అని ఇంకొకరన్నారు.

పెద్దింట్లమ్మ చెయ్యెత్తి ఆగమంది. ఎవరూ ఆగలేదు. తను వేసిన కేకను ఇప్పుడు పదిమంది వేస్తున్నారు, వాళ్ల గొంతుల్లో తన గొంతు ఎవరికీ వినబడటం లేదు. ఆమె వంగి, కింద పడిన రోట్లోంచి ముద్ద తీసి వాసన చూసింది. నాలుక మీద పెట్టుకుంది. వగరు, పులుపు. అంతే. అప్పుడు వెళ్లి దీనమ్మ ముందు, పాక గడపకు అడ్డంగా కూర్చుంది. కుడిచెయ్యి చాపింది.

“పెట్టు.”

దీనమ్మకు అర్థం కాలేదు. “పెద్దమ్మగారూ...”

“ఇదే వేలికి. దానికి ఎలా పెట్టావో అలాగే పెట్టు. మూడు చుట్లు తిప్పు.”

గుంపులో సద్దు తగ్గింది. పెద్దింట్లమ్మ భర్త పోయి పద్నాలుగేళ్లయింది. ఆ రోజునుంచి ఆమె చేతికి గాజు లేదు, పసుపు లేదు, గోరింటాకు లేదు.

“పిన్నీ, నీకేమన్నా మతిపోయిందా? మొగుడు పోయినదానివి,” అన్నాడు చిట్టియ్య.

“ఆ సంగతి నాకు తెలుసులేరా. ఇందులో మందుంటే ముందు నాకెక్కుద్ది. ఆరేదాకా ఇక్కడే కూర్చుంటాను. మీరూ కూర్చోండి. నాకేమన్నా అయితే అప్పుడు ఎత్తు తెడ్డు.”

దీనమ్మ పెడుతుంటే ముద్ద రెండుసార్లు జారింది. మూడోసారి నిలిచింది. ఆకు చుట్టి, దారం తిప్పింది. పెద్దింట్లమ్మ గడపలోనే కూర్చుంది. కాసేపు అందరూ ఆమె మొహంలోకి చూశారు. తర్వాత ఎండ చూసుకున్నారు. ఒకావిడకు పొయ్యి మీద పెట్టి వచ్చిన ఎసరు గుర్తొచ్చింది. ఇంకొకావిడ తడిబట్టల మూట ఎత్తుకుంది. మగవాళ్లు కాసేపు నిలబడి, వలల దగ్గరికి మళ్లారు. చిట్టియ్య అందరికంటే చివరిదాకా ఉన్నాడు. పల్లంరాజు పడవ ఒడ్డుకు తగిలేసరికి అక్కడ నలుగురే మిగిలారు. ఎవరో పడవేసుకుని స్తంభాల దగ్గరికి వెళ్లి చెబితే, అతను రాయి దించడం ఆపి అబ్రహామును ఎక్కించుకుని వచ్చాడు.

అబ్రహాము విరిగిన కుండవైపూ, ఊడిన తాటాకువైపూ చూశాడు. భార్య పక్కకు వెళ్లి నిలబడ్డాడు.

ఆ రోజు ఇంటికొచ్చాక పెద్దింట్లమ్మ కోడలిని ఒకే మాట అడిగింది. “నీకు తెలుసా?”

“తెలుసు,” అంది లోవలక్ష్మి. “ఎరుపు చూసిన రోజే పిల్లను అడిగాను. నాకు చెప్పింది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే ఏమయ్యేది?”

అమావాస్య వెళ్లింది, ఆదివారం వచ్చింది, పసుపుకొమ్ము డబ్బాలోనే ఉంది.

విధవరాలు గోరింటాకు పెట్టుకున్న సంగతి కులంలో పెద్ద రచ్చే అయింది. పెద్దలు పిలిపించి అడిగారు. ఆమె ఎర్రగా పండిన వేలు దాచుకోకుండానే వెళ్లింది. “పెట్టుకోకపోతే ఆ రోజు ఒక మనిషిని చంపి ఉండేవాళ్లం. మొదటి కేక నాది. నన్నడగండి, ఒప్పుకుంటాను. తెడ్డెత్తినవాళ్లనీ అడగండి,” అంది. వాళ్లు అమ్మవారి గుడి దగ్గర తలారా స్నానం చేసి దీపం పెట్టుకోమని చెప్పి పంపేశారు. తెడ్డెత్తినవాళ్లను అడగలేదు.

ఎరుపు ఆమె గోటి మీద నాలుగు నెలలు ఉంది.

దీనమ్మ దగ్గర తప్పయిందన్న మాట పెద్దింట్లమ్మ అనలేదు. మూడో రోజు ఒక కొత్త కుండ తీసుకెళ్లి గుమ్మంలో దించింది. పల్లంరాజు చేత కొత్త తాటాకు వేయించింది. ఒకరోజు చేపలిచ్చి, పోకుండా అక్కడే నిలబడింది.

“దారం తిప్పేటప్పుడు ఏంటి చదువుతున్నావు?”

“ప్రార్థనండి. మానెయ్యాలని.”

“మా దాని కోసం మీ దేవుణ్ని అడిగావా?”

“ఆయ్, అడిగానండి.”

నమ్మాలో లేదో తేల్చుకుంటున్నట్టుగా కనబడిందట పెద్దింట్లమ్మ మొహం, అక్కడే ఉన్న మా అమ్మకు. చివరికి కింద కూర్చుని, ఎవరికీ చెప్పని మాట చెప్పింది. తమ్ముడు పెదబాబు సంగతి, గవ్వల సంగతి. “వాణ్నెవరూ ఎత్తుకుపోలేదేమో. నేను చూడలేదు. నీళ్లలోకి దిగిపోయుంటాడు,” అంది. దీనమ్మ ఊరుకోబెట్టలేదు, నీ తప్పు కాదని కూడా అనలేదు. చేస్తున్న పని ఆపి పక్కన కూర్చుంది.

వేలు అలవాటు ఒక్కసారిగా పోలేదు. పగలు మానింది గాని నిద్రలో చెయ్యి దానంతటదే నోటికి వెళ్లేది. ఒకసారి జ్వరం వచ్చినప్పుడు మళ్లీ మొదటికొచ్చింది. దీనమ్మ తిట్టలేదు, పెద్దింట్లమ్మను తిట్టనివ్వలేదు. వారానికొకసారి ఆకు నూరి, “ఈ వేలు పెళ్లికూతురమ్మా, నోట్లో కూర్చోదు,” అని పెట్టేది. ఎరుపు బాగా నిలిచిన వారం పిల్ల వేలెత్తుకుని పేటంతా తిరిగి చూపించేది. ఇప్పుడు బోర్లించిన పడవల దాకా మనవరాలిని పెద్దింట్లమ్మే తీసుకెళ్లేది. అక్కడ ఆగి, తిరిగొచ్చేదాకా కాచుకుని కూర్చునేది. పూర్తిగా నమ్మి ఇంట్లో కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. వేసంగి వచ్చేసరికి అలవాటు పోయింది.

పేటలో వదంతి మాత్రం అంత తొందరగా పోలేదు. వరదలు రాకముందే దీనమ్మా అబ్రహామూ కొవ్వూరు ఒడ్డున పని చూసుకుని అటు వెళ్లిపోయారు. పని అక్కడ ఎక్కువని అబ్రహాము చెప్పాడు. చిట్టియ్య ఎదురైనప్పుడల్లా దీనమ్మ తల వంచుకుని దారి తప్పుకోవడం పెద్దింట్లమ్మ చూసింది గనక, ఆ కారణం ఆమె నమ్మలేదు. పల్లంరాజు పడవలోనే వాళ్ల సామాను దాటించాడు. వంతెన పూర్తయ్యాక వాళ్లెటు పోయారో ఎవరికీ తెలియదు.

మా అమ్మ పైవరస పళ్లు రెండు చివరిదాకా కొంచెం ఎత్తుగానే ఉండేవి. నేనూ నాలుగేళ్లదాకా నోట్లో వేలేసుకున్నానట. వేపాకు రాయమని ఒకరు, గుడ్డ కట్టమని ఒకరు మా అమ్మకు చెప్పారట. ఆమె ఏమీ చేయలేదు. పని చేసుకుంటూ ఓ కంట కనిపెట్టి చూస్తూ ఉండేదట. ఏ రోజు మానేశానో ఆమెకూ తెలియదు.